పుష్యమాసపు కందిరీగలు

…చివరికి తేలేది ఒక్క చుక్క. దానికి జనం పెట్టుకున్న పేర్లు మాత్రం ఎన్నని! మమకారం, బాధ్యత, రుణానుబంధం, పూర్వజన్మ పుణ్యం. పేరు పెట్టుకోకపోతే చాకిరీ చాకిరీలాగే కనబడుతుందని భయం కాబోలు. వరండాలో నిలబడి నేను ఇలా అనుకుంటున్నాను. జామచెట్టు కింద రాలి కుళ్ళిన పండు మీద తొమ్మిది కందిరీగలు ఉన్నాయి. వాటిలో నాలుగు తాగి ఉన్నాయి. పులిసిన రసం తలకెక్కి ఒకదాని మీదికొకటి ఎక్కి, జారి, వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తున్నాయి. రెండు నెలల కిందట ఇవే ఎంత బుద్ధిమంతుల్లా ఉండేవి! పొద్దున్నే బయల్దేరి కాఫీ తోటల్లో గొంగళిపురుగుల్ని వేటాడి, నమిలి ముద్ద చేసి, గూట్లో వేలాడే పిల్లపురుగుల నోటికి అందించేవి. తాము మాత్రం ఒక్క ముద్దా తినేవి కావు. తినలేవు. ఆ దారం లాంటి నడుములోంచి ముద్ద దిగదు.

దూరం నుంచి చూస్తే త్యాగం. భూతద్దం కింద చూస్తే వేరు. ముద్ద అందుకోగానే పిల్లపురుగు మూతి దగ్గర తీపి చుక్క ఒకటి ఊరుతుంది. పెద్దది దాన్ని నాకేసి మళ్ళీ వేటకి పరిగెడుతుంది. ఈ కొండ మీద చలి దిగేసరికి ముసలి రాణి గుడ్లు పెట్టడం మానేస్తుంది. ఆఖరి పిల్లలు గదులకి మూతలు అల్లుకుని నిద్రపోతాయి. చుక్క ఇచ్చే నోరు గూట్లో ఒక్కటీ మిగలదు. అప్పుడిక ఇల్లూ లేదు, పిల్లలూ లేరు. ఇదుగో, ఇలా జామచెట్టు కింద చేరి తాగుతాయి.

"ఇంకొక్క ముద్ద తినీ. ఇదొక్కటే. నా బంగారం కదేటి?"

లోపల వదిన గొంతు. ఎదురుగా మంచం మీద మా అన్నయ్య. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని బంగారం అనగా నేను వినలేదు. 'ఓ మడిసీ' అనేది, కోపం వస్తే అదీ అనేది కాదు. ఈ బంగారం నాది. నా గాజు గొట్టంలోంచి వచ్చిన బంగారం. నోటుపుస్తకం తీసి రాసుకున్నాను: 'పదమూడో ఇల్లు. మధ్యాహ్నం కాకముందే ఆరోసారి భోజనం. ఆసక్తి పెరుగుతోంది.'

మా నాన్న సింహాచలం, శ్రీకూర్మం రెండూ తిరిగొచ్చి కొడుకులకి వరాహం, కూర్మం అని పేర్లు పెట్టాడు. ఒక పంది, ఒక తాబేలు. పేర్లు బాగానే కుదిరాయి. అన్నయ్య ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా అరిచాడు. నేను డొప్పలోంచి తల బయటపెట్టకుండా పురుగుల డాక్టరునయ్యాను. ఆయన టికెట్ల సంచిలో ఎప్పుడూ కాగితం పొట్లంలో ఉప్పూ కారం ఉండేవి. ఎవరింట్లో భోజనం చేసినా మొదటి ముద్దకే "ఉప్పు సాల్లేదు" అని పొట్లం విప్పేవాడు. నన్ను బడికి దింపుతూ దారిలో జామకాయ కొనేవాడు. చొక్కా అంచు కప్పి కొరికి, సగం ముక్కకి ఉప్పు అద్ది నా చేతిలో పెట్టేవాడు. గుడ్డ అడ్డం ఉంటే ఎంగిలి కాదట, కాకి ఎంగిలట. నేను ఆయన అటు తిరిగాక ఆ ముక్కని పంపు కింద కడిగి తినేవాణ్ణి. మనుషుల ఉమ్మి మీద నా అసహ్యం అంత పాతది.

పోయిన మాఘంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపూ, మాటా పోయాయి. నాలుగు నెలల తర్వాత నేను కొండ దిగి వెళ్ళి ఇద్దరినీ నా క్వార్టర్సుకి తెచ్చుకున్నాను. "తండ్రి లాంటోడివి బాబూ" అని వదిన కళ్ళు తుడుచుకుంది. నా ప్రయోగానికి అప్పటికి పన్నెండు ఇళ్ళే దొరికాయి. పదమూడోది కావాలి, అంతే.

నేను కనిపెట్టినదానికి పెద్ద తెలివి అక్కర్లేదు. వెంట్రుకంత గాజుపుల్లతో పిల్లపురుగు మూతిని తాకితే, అది ముద్ద వచ్చిందనుకుని చుక్క ఇస్తుంది. వల కట్టిన షెడ్డులో నాలుగు వందల గూళ్ళు. వేల చుక్కల్లోంచి చక్కెర తీసేస్తే ఇంకొకటి మిగిలింది. కందిరీగని తృప్తిపరిచేది అదే. దాన్ని మరిగించి, గట్టిపరిచి, మనిషికి పట్టేలా మార్చడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. మాత్ర రోగి నాలుక కింద పెడతారు. ఉమ్మిలో కరుగుతుంది. రోగి మూతి తుడిచిన చేతికి చర్మంలోంచి ఎక్కుతుంది. అర నిమిషంలో ఆ చేతిగలావిడకి ఒంట్లో ఏదో నిండినట్టు ఉంటుంది. ఆమె దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటుంది. ముందు కింద ఊరి ఆసుపత్రి వార్డులో పరీక్షించాం. మూడు రోజులకే పారిపోయే ఆయాలు మూడు నెలలు కదల్లేదు. పైవాళ్ళు సంతోషించి మాత్రకి 'ఓర్పు' అని పేరు పెట్టారు. ఇళ్ళలో మాత్రం రోగి నోరు ఎండిపోకుండా ఇచ్చే మందని చెప్పాం. నిజం చెబితే ప్రతి ఇల్లాలూ తన మనసు తాను తవ్వుకోవడం మొదలుపెడుతుంది. ఫలితాలు పాడవుతాయి.

మార్గశిరం ఆఖరుకి షెడ్డులో పిల్లపురుగులు తగ్గిపోయాయి. పుష్యం మొదటివారంలో మాత్రలు అయిపోతాయి. ఆ వారం పదమూడు ఇళ్ళలో ఏం జరుగుతుందో ముందే రాసి పెట్టుకున్నాను: 'మూడు రోజుల్లో సేవ ఆగుతుంది. ఆ స్త్రీలు తీపి కోసం వెతుక్కుంటారు. ఒకరితో ఒకరు తగువులాడతారు.' ఆ వాక్యం రాసినప్పుడు నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోను. మనుషుల గుట్టు బయటపెట్టడంలో ఒక సుఖం ఉంది.

గేటు దగ్గర బండి ఆగింది. గౌరీశు. మా ప్రయోగశాలలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ఇళ్ళ చుట్టూ తిరిగి మాత్రలు ఇచ్చి, వివరాలు రాసుకొచ్చేది అతనే. ఎప్పుడూ గేటు దగ్గర్నుంచే ఏదో ఒక వేళాకోళంతో వస్తాడు. ఈసారి హెల్మెట్ తీయకుండా మెట్ల దాకా వచ్చాడు.

"సారూ, నాలుగో ఇంటి ముసలమ్మగారు పోనాదండి."

"ఎలా?"

"తింటంటే గొంతుకడ్డం పడిపోనాదట."

అతని వెనక కూర్చుని వెళ్ళాను. దారి పొడుగునా గొంతుకు అడ్డం పడటం అనేది వయసు వల్లా, మాత్ర వల్లా అని లెక్క వేసుకుంటున్నాను. ఆ ఇంటి ముందు ఇరవై మంది ఉన్నారు. ఒక పెద్దాయన నన్ను మందుల డాక్టరనుకుని చేతులు పట్టుకున్నాడు.

"అలాంటి కోడల్ని మా వీధిలో సూళ్ళేదు బాబూ. పూటకోపాలి కాదు, గంటకోపాలి పెట్టినాది. ఇయ్యాల పొద్దుట్నుంచి ఎనిమిదిపాల్లు!"

ఆ కోడలు, అసిరితల్లి, మెట్ల మీద కూర్చుని ఉంది. లోపల శవానికి స్నానం చేయిస్తున్నారు. ఆమె ఒళ్ళో సత్తు గిన్నె. గిన్నె అంచుకి అంటుకున్న గంజిమెతుకుల్ని వేలితో తీసి నాకుతోంది. ఏడుస్తూ నాకుతోంది.

"ఇంకా నాలుగు ముద్దలున్నాయండి," అంది నన్ను చూసి. "తినకండా ఎలిపోనాది."

ఆ వేలినే చూస్తున్నాను. "రోజూ ఆవిడ తినగా మిగిలింది ఏం చేస్తావమ్మా?"

"ఏటి సేత్తానండి, నానే తింటాను. మెతుకులు పారేత్తామేటి? ఆవిడ ఎంగిలి నాకేటి కొత్తా? పెల్లైన కాడ్నుంచీ ఆ కంచంలోనే తిన్నాను."

తొమ్మిదేళ్ళ నా లెక్కల్లో చేతి చర్మం ఉంది. రోజుకి ఎన్నిసార్లు మూతి తుడుస్తారో ఉంది. ఎంగిలి లేదు. వార్డులో మిగిలినదంతా బకెట్లో పోస్తారు. నేను లెక్క వేసింది ఆ బకెట్ దగ్గర. ఇక్కడ రోగి నోట్లోంచి జారిన గంజంతా ఇంకొకరి కడుపులోకి వెళ్తోంది. నేను అనుకున్నదానికి ఇరవై ముప్పై రెట్లు. అందుకే గంటకోసారి పెట్టడం. పిల్లపురుగుకి ఆకలి ఉందా లేదా అని కందిరీగ అడగదు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో బండి ఆపించాను. "వీళ్ళు ఎంగిలి తింటారని నువ్వెందుకు చెప్పలేదు?"

గౌరీశు హెల్మెట్ తీసి నన్ను వింతగా చూశాడు. "మీరడగనేదు కదండి. అయినా ఇది సెప్పీ ఇసయమేటండి? ఇంట్లో అమ్మలు ఎంగిలి తినరేటి? నీలు తాగుతారని రాసుకుంటామా? ఊపిరి పీలుస్తారని రాసుకుంటామా? మీరు తిన్నేదేటి ఎప్పుడూ?"

తినలేదు. అదే నా లోపం అయింది. ఒక అసహ్యం వల్ల ఒక ముసలిది చచ్చిపోయింది. ఆ వీధిలో నేను నోరు విప్పలేదు. విప్పితే అసిరితల్లికి మిగిలిన ఒక్క మెప్పూ పోయి, ఆ స్థానంలో తన చేత్తో అత్తని చంపానన్నది మిగులుతుంది. ఇలా అనుకుని నా పిరికితనానికి నేనూ ఒక పేరు పెట్టుకున్నాను: దయ. అందర్నీ ఎగతాళి చేసిన పని నేనూ చేశాను.

మిగిలిన మాత్రలన్నీ సాయంత్రానికి వెనక్కి తెమ్మని గౌరీశుకి చెప్పి ఇంట్లోకి వెళ్ళాను. అన్నయ్య ముఖం పక్కకి తిప్పుకుని ఉన్నాడు. ఎప్పుడు అంత లావయ్యాడో నేను చూడనే లేదు; పుస్తకంలో 'బరువు పెరిగింది' అని మాత్రం రాశాను. దవడ కింద చర్మం ఉబ్బి ఉంది. తెరిచి ఉన్న ఎడమ కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. వదిన ఆయన కంచం ముందు పెట్టుకుని కూర్చుని, మిగిలిన అన్నం ఆబగా తింటోంది.

కంచం లాగేసుకున్నాను. చెప్పేశాను. కందిరీగలూ, చుక్కా, మాత్రా, నోరు ఎండిపోవడం అన్న అబద్ధమూ, పదమూడో ఇల్లూ, నాలుగో ఇంటి ముసలమ్మా. వరసగా, తరగతిలో పాఠం చెప్పినట్టు చెప్పాను. వదిన లేచింది. చెయ్యి కడుక్కుని వచ్చింది.

"అయితే ఈ ఏడు నెల్లూ నాను సేసినది, నాను సెయ్యనేదన్నమాట."

"అలా అని కాదు…"

"మరెలగ? నువ్వు కదేటి సదూకున్నోడివి, సెప్పు."

లాక్కున్న కంచాన్ని బల్ల మీద పెట్టాను.

"ఇక్కడికి రాకముందు నాలుగు నెల్లు నానొక్కదాన్నే సేసినాను. ఎత్తి కూకోబెట్టి, కడిగి, తినిపించి. తిట్టుకుంటా సేసినాను బాబూ. ఈ మడిసి సచ్చిపోతే బాగున్ను అని కూడా అనుకున్నాను. అనుకున్నాక లేచి మల్లీ గంజి కాసినాను. ఆ తిట్లు నాయి. నీ ఇంటికొచ్చినాక నోట్లోంచి ఒక్క తిట్టు రానేదు. ఎంత మంచిదాన్నయిపోనానో అనుకున్నాను. గుడికెల్లి దన్నం పెట్టుకున్నాను." ఆవిడ నా ముఖంలోకి చూసింది. నేను కందిరీగల్ని చూసే చూపు అది. "కన్నతల్లి లేదని పెంచితే, నీకు పురుగులమై పోనామా మేం?"

మూడు రోజులు ఆవిడ అన్నయ్య గదిలో అడుగు పెట్టలేదు. గౌరీశు వచ్చి ఆయన పనులు చేసి వెళ్ళేవాడు. పెరట్లో తిరిగింది. బెల్లం డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. గౌరీశుతో తగువులాడింది. నేను రాసి పెట్టుకున్నట్టే జరిగింది, ఒక్క అక్షరం తప్పు పోలేదు. నాలుగో రోజు సంచి సర్దుకుని బొబ్బిలిలో చెల్లెలింటికి బయల్దేరింది.

"ఎప్పుడొస్తావు వదినా?"

"నాకు మల్లీ తిట్టడం ఒచ్చినాక."

గేటు దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరగలేదు. "ఆ మడిసికి సప్పిడి కూడు దిగదు. ఎరికే కదా," అని వెళ్ళిపోయింది. నేను ఆ మాట పట్టించుకోలేదు. నా దగ్గర వైద్యుడు రాసిచ్చిన కాగితం ఉంది.

పైవాళ్ళకి ఉత్తరం రాశాను. 'మోతాదు అంచనాలో లోపం' అని రాయాల్సి వచ్చింది. చంపాను అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. గౌరీశు వెనక్కి తెచ్చిన మాత్రలు పదకొండు. కాల్చేయాలని బల్ల సొరుగులో పెట్టాను. మిగిలిన ఇళ్ళ సంగతి కూడా అతనే చెప్పాడు: ఏడిళ్ళలో రోగుల్ని బంధువులకి అప్పగించారు, రెండిళ్ళలో మనిషిని పెట్టుకున్నారు. రెండిళ్ళలో మాత్రం ఏమీ మారలేదట. "అక్కడ మామూలేనండి. ఇదివరకు మందేసినా అంతే, ఇప్పుడు మానేసినా అంతే." ఆ రెండిళ్ళ గురించి నా సిద్ధాంతం దగ్గర జవాబు లేదు. అతను చెప్పడం పొరపాటనుకున్నాను.

వదిన వెళ్ళిన రోజు సాయంత్రం అన్నయ్య పక్క తడిసింది. వాసన. నేను గుమ్మంలో అరగంట నిలబడ్డాను. తర్వాత వెళ్ళి సొరుగు తీసి, ఒక మాత్ర ఆయన నాలుక కింద పెట్టి, మూతి తుడిచాను.

అన్నీ తెలిసి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ, నా ఒంట్లో ఏం జరుగుతుందో గమనిస్తూ కూడా, అర నిమిషంలో నేను లొంగిపోయాను. ఆ తడి గుడ్డలు మడతపెడుతుంటే నాకు పాట పాడాలనిపించింది. పదకొండు రోజులు, రోజుకొకటి. యాభై ఆరేళ్ళ బతుకులో నేను సుఖంగా ఉన్నవి ఆ పదకొండు రోజులే. ఈ మాట ఒప్పుకోవడం కంటే చచ్చిపోవడం మర్యాద. గంజి నేనే కాచాను. మూడు పూటలే పెట్టాను, గ్రాములు తూచి పెట్టాను. మిగిలింది మాత్రం జామచెట్టు మొదట్లో పోశాను. పాట పాడించగలిగిన మందు కూడా నా చేత ఎంగిలి తినిపించలేకపోయింది.

నిన్నటితో అయిపోయాయి. షెడ్డులో నాలుగు వందల గూళ్ళూ ఎండిన తామరకాయల్లా వేలాడుతున్నాయి. జామచెట్టు కింద కందిరీగలు చలికి బిగుసుకుని చీమల పాలయ్యాయి. వచ్చే ఏటికి కావలసిన రాణులు ఎక్కడో పగుళ్ళలో ఒంటరిగా దాక్కుని ఉంటాయి. పదిన్నరకి ఫోన్ చేస్తానన్నాడు గౌరీశు. కింద ఊళ్ళో మంచాన పడ్డవాళ్ళని చూసే ఆశ్రమం ఉంది. నేను ఊఁ అంటే మధ్యాహ్నానికి వ్యాను వస్తుంది. ఊఁ అనడానికే నిశ్చయించుకున్నాను.

ఆయన్ని పంపేముందు పొద్దుటి గంజి పెట్టాలి. దిండు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాను. మందు లేకుండా ఆయన ముఖాన్ని నేను ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. కుడి పెదవి కిందికి జారి ఉంది. గడ్డంలో నిన్నటి మెతుకు ఎండి ఉంది. ఊపిరి కంపు కొడుతోంది. చంటిపిల్లాడిలా ముద్దొచ్చిన మనిషి ఇతనేనా? మొదటి చెంచా మింగాడు. రెండోది. మూడో చెంచా సగం బయటికి వచ్చేసింది. ముఖం పక్కకి తిప్పేశాడు.

"తిను."

తినలేదు.

"నీకూ ఆ మందే కావాలా? అయిపోయింది. కందిరీగలు చచ్చిపోయాయి. ఇక నా దగ్గర ప్రేమ లేదు అన్నయ్యా, గంజి ఉంది. తింటావా, తినవా?"

అన్నయ్య నా వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం లేదు. టికెట్ తీసుకోకుండా ఎక్కినవాణ్ణి బస్సు దించేసే ముందు ఒక్క క్షణం అలా చూసేవాడు. ఎడమ చెయ్యి నెమ్మదిగా లేచి, నడుము పక్కన, ఒకప్పుడు టికెట్ల సంచి వేలాడే చోట, దుప్పటి మీద ఏదో తడిమి మళ్ళీ పడిపోయింది.

ముఖం తిప్పుకోకుండా ఆ చేతినే చూశాను. తర్వాత గిన్నె వైపు చూశాను. సగం పైన ఉంది. ఆయన నోట్లోంచి జారింది కూడా అందులోనే పడింది. కండువా నా భుజం మీదే ఉంది. గుడ్డ కప్పి కొరకడానికి గంజి జామకాయ కాదు.

అదే చెంచాతో తీసి నోట్లో పెట్టుకున్నాను. మింగాను.

ఉప్పు లేదు. ఒక్క రవ్వ కూడా లేదు. వైద్యుడి కాగితంలో ఉప్పు తగ్గించమని ఉంటే, నేను అసలు మానేశాను. పదకొండు రోజులు, ముప్పై మూడు పూటలు, నేను పాటలు పాడుకుంటూ చప్పిడి గంజి పెట్టాను. ఆయన మింగాడు.

ముందుగదిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. నేను వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు డబ్బా మూత తీసి, రెండు వేళ్ళతో చిటికెడు తీసుకున్నాను. తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుని, గిన్నెలో వేసి కలిపాను.